పరీక్ష అని రాసింది నేనే

ఉత్తరం చిత్తుప్రతి మూడుసార్లు మార్చాను. మొదటిసారి "వికాస మదింపు" అని రాశాను. ఇంటిపన్ను వాళ్ళ మాటలా ఉందని కొట్టేశాను. రెండోసారి "మూల్యాంకనం" అన్నాను. మా అటెండరుకి చదివి వినిపిస్తే "పేపర్లు దిద్దడమా అమ్మా?" అన్నాడు. మూడోసారి హాయిగా "వికాస పరీక్ష" అని రాసి సంతకం పెట్టాను. రక్త పరీక్ష, కంటి పరీక్ష అంటున్నాం కదా, ఇది ఎవరికి అర్థం కాదు అనుకున్నాను. అందరికీ అర్థమైంది. నేను అనుకున్న అర్థం తప్ప.

నా పేరు ఇందుమతి. ఇరవై రెండేళ్ళుగా ఒకే వస్తువు వెనక తిరిగాను. నిద్రా, నా మోకాళ్ళూ, నన్ను పెళ్ళి చేసుకుంటానన్న ఒక మంచి మనిషీ అన్నీ దాని వెనకే పోయాయి. ఆ వస్తువు పేరు తోడు. చింతగింజంత ఉంటుంది. చెవి వెనక, చర్మం కింద పెడతాం.

తెనాలి నుంచి వచ్చిన మొదటి పాప మిక్సీ చప్పుడు వింటే చాలు, తల గోడకేసి కొట్టుకునేది. తోడు పెట్టిన పన్నెండో రోజున వాళ్ళమ్మ మిక్సీలో పచ్చడి వేస్తుంటే ఆ పాప వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడిందట. చెవులు మూసుకోకుండా, ఊరికే చూస్తూ. వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి ఆ ఒక్క ముక్కే చెప్పగలిగింది. ఇద్దరం ఫోన్లు చెవి దగ్గర పెట్టుకుని కాసేపు అలాగే ఉన్నాం. ఆ సంగతి పైవాళ్ళ దాకా వెళ్ళింది. మొదటి విడతగా ముప్పై మంది పిల్లలకు తోడు పెట్టడానికి అనుమతి వచ్చింది.

తోడుకి ఏమీ తెలియదు. పిల్ల దగ్గరే అన్నీ నేర్చుకుంటుంది. ఆటబొమ్మలున్న గదిలో మూడు గంటలు పిల్లను కూర్చోబెడతాం. ఆ మూడు గంటల్లో గుండె ఎలా కొట్టుకుంటోంది, ఊపిరి ఎలా ఉంది, చర్మం ఎంత చెమర్చింది అన్నీ అది గుర్తుపెట్టుకుని, ఇదే ఈ పిల్ల నిమ్మళం అని నమ్ముతుంది. ఆ తర్వాత పిల్ల ఆ నిమ్మళం తప్పినప్పుడల్లా నరాలకు చిన్న సంకేతం పంపి వెనక్కి తీసుకొస్తుంది. నలభై రోజులు దాటితే ఆ దారి నరాల్లో స్థిరపడిపోతుంది. ఆరేళ్ళు నిండకముందే పెట్టాలి. ఒక్కసారే పెట్టాలి. అందుకే ఆ మూడు గంటలూ పిల్ల తన ఇంట్లో ఉన్నట్టే ఉండాలి. తిరిగితే తిరగాలి, అరిస్తే అరవాలి, మూల కూర్చుంటే మూల కూర్చోవాలి.

ముప్పై ఉత్తరాలు వెళ్ళిన ఇళ్ళకు తోడు రావడం అప్పటికే ఖాయం. డాక్టర్లు చూసి, రిపోర్టులు చదివి, పేర్లు తేల్చాకే ఉత్తరాలు వెళ్ళాయి. పాసూ లేదు, ఫెయిలూ లేదు. ఆ ముక్క ఉత్తరంలో రాయలేదు. రాయాలని తోచలేదు. తొమ్మిదో అంశంగా, చిట్టచివర, "బిడ్డను ఉన్నది ఉన్నట్టుగా తీసుకురావలెను" అని మాత్రం రాశాను. అంటే స్నానం చేయించకుండా తీసుకురమ్మనా అని ఒకావిడ ఫోన్ చేసి అడిగింది. అందరం నవ్వుకున్నాం.

ముప్పయ్యో పిల్ల పేరు ఉప్పుటూరి లిఖిత. ఉత్తరం వెళ్ళిన తొమ్మిది నెలలకి ఆమె వంతు వచ్చింది. ఆరేళ్ళు నిండడానికి పంతొమ్మిది రోజులుంది. తండ్రి వీరాంజనేయులు గుంటూరులో ఒక జూనియర్ కాలేజీ బస్సు నడుపుతాడు. తల్లి కోటేశ్వరి ఇంట్లోనే ఉంటుంది. మూడు బళ్ళు ఆ పిల్లను చేర్చుకుని, వారం తిరక్కుండా వెనక్కి పంపేశాయి. పది నెలల కిందట వాళ్ళింట్లో తీసిన వీడియో మా ఫైల్లో ఉంది. అందులో లిఖిత గది మధ్యలో గుండ్రంగా తిరుగుతూ ఏదో కూనిరాగం తీస్తుంటుంది. కుక్కర్ విజిల్ వేయగానే మంచం కిందికి దూరిపోతుంది. కాసేపటికి బయటికి వచ్చి తల్లి మోచేతికి నుదురు ఆనించి రుద్దుతుంది. ఎందుకలా చేస్తోందని వీడియో తీసినమ్మాయి అడిగితే కోటేశ్వరి సిగ్గుపడుతూ, "ఆకలైనా అంతే, బయ్యమేసినా అంతే అండీ. నోటితో పిలవదు. ఒక్కసారి అమ్మా అంటే చాలండీ నాకు, ఇంకేం అక్కర్లా" అంటుంది.

ఆ పిల్ల పరీక్షకి ఇస్త్రీ యూనిఫారంలో వచ్చింది. ఏ బడిదో తెలియని యూనిఫారం. నూనె రాసి బిగించి వేసిన రెండు జడలు, రిబ్బన్లు, బొట్టు, తెల్ల సాక్సు. తల్లిదండ్రులు ఇద్దరూ బయట బెంచీ మీద కూర్చున్నారు. వీరాంజనేయులు నన్ను చూసి లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. హాలు టికెట్ అడుగుతానేమోనన్నట్టు ఉత్తరం తీసి చూపించాడు.

గదిలో మా షహనాజ్ నేల మీద బొమ్మల సంచీ పెట్టుకుని కూర్చుంది. పిల్లలతో పనిచేయడంలో ఆమెకి పద్నాలుగేళ్ళ అనుభవం. నేను అద్దం వెనక తెరల ముందున్నాను. లిఖిత లోపలికి నడిచి వెళ్ళి, షహనాజ్ ఎదురుగా బాసింపట్టు వేసుకుని, చేతులు కట్టుకుంది.

"గుడ్ మార్నింగ్ మేడం. నా పేరు ఉప్పుటూరి లిఖిత. నాకు ఐదు సంవత్సరాలు. నేను బాగున్నాను, థాంక్యూ."

పది నెలల్లో ఇంత మార్పా అని ఆశ్చర్యం వేసింది. ఆశ్చర్యపోవడం తప్ప ఇంకేం చేయలేదు. అదే నా తప్పు.

షహనాజ్ సంచీలోకి చెయ్యి పెట్టింది. "ఎర్ర లారీ" అంది లిఖిత. చెయ్యి బయటికి వచ్చింది. ఎర్ర లారీయే. మళ్ళీ పెట్టింది. "చెక్క పావురం." చెక్క పావురమే. మూడో వస్తువుకి షహనాజ్ తల ఎత్తి అద్దం వైపు చూసింది. నేను కనపడనని తెలిసీ నా కళ్ళలోకే చూసినట్టు చూసింది.

గంటన్నర తర్వాత విరామంలో నా దగ్గరికి వచ్చింది. "మేడమ్, ఈ పాప నేను అడక్కముందే చెప్తోంది."

"చురుకైన పిల్ల."

"బొమ్మ సంచీలోంచి రాకముందే పేరు చెప్పింది మేడమ్. వరసతో సహా తెలుసు తనకి. ఎవరో తయారుచేసి పంపారు. గుండె చూడండి."

చూశాను. వంద దగ్గర ఉండాల్సింది నూట ముప్పై నాలుగు. కూర్చున్నా అంతే, బొమ్మ తీసినా అంతే. ముఖం నవ్వుతోంది. చెమట రిబ్బన్ల కింద నుంచి మెడ మీదికి కారుతోంది.

"కొత్త చోటు కదా" అన్నాను.

"కొత్త చోటైతే కాసేపటికి తగ్గుతుంది. ఇది తగ్గట్లేదు. పంపేద్దాం మేడమ్. పది రోజులాగి, వాళ్ళతో మాట్లాడి, మళ్ళీ పిలుద్దాం. ఇంకా పంతొమ్మిది రోజులుంది."

పది రోజులు నిజంగానే ఉన్నాయి. ఇప్పుడు సాకులు చెప్పదలుచుకోలేదు. ఆ రోజు సాయంత్రం, అనుమతి ఇచ్చిన కమిటీ వాళ్ళు కెమెరాలతో వస్తున్నారు. ముప్పై మందికీ పూర్తయిందని చెప్పుకోవాలి. ఇరవై తొమ్మిది అని చెప్పడం నాకు నామర్దాగా అనిపించింది. ఇంకోటి కూడా ఉంది. ఆ పిల్ల అంత చక్కగా కూర్చుని అంత చక్కగా మాట్లాడుతుంటే, దాని మీద నా తోడు ఇంకెంత చక్కగా పనిచేస్తుందోనని నాకు ఆశ పుట్టింది. సరిగ్గా ఆ పిల్ల తండ్రికి పుట్టినలాంటి ఆశే.

"కానివ్వు షహనాజ్" అన్నాను. ఆమె లోపలికి వెళ్ళింది. మిగిలిన గంటన్నరా పూర్తిచేసింది. సాయంత్రానికి తోడు లిఖిత ఎడమ చెవి వెనక ఉంది.

మొదటి రెండు వారాలూ అన్నీ శుభవార్తలే. వీరాంజనేయులు వీడియోలు పంపేవాడు. లిఖిత చాప మీద కూర్చుని చేతులు కట్టుకుని అన్నం తింటోంది. కుక్కర్ కూత వేసినా కదలడం లేదు. గుడిలో గంట కొడితే కన్ను కూడా ఆర్పడం లేదు. చుట్టాలు వచ్చి పేరడిగితే టకటకా చెప్పేసింది. నాలుగో బడి చేర్చుకుంది. "మీ రుణం తీర్చుకోలేం మేడం గారూ" అని ఫోన్లో ఏడ్చాడు ఆయన. డైరెక్టరు గారు ఆ వీడియోలు కలిపి చిన్న సినిమా తయారుచేయించారు. కమిటీ రెండోసారి వచ్చినప్పుడు దాన్నే వేశారు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఇరవై ఆరో రోజు పొద్దున్నే కోటేశ్వరి ఫోన్ చేసింది. ఎప్పుడూ భర్తే చేసేవాడు. ఆమె నాతో నేరుగా మాట్లాడడం అదే మొదలు.

"మేడం గారూ, పిల్ల దిండు మీద చీము ఉందండీ. కుడి చెవిలోంచి కారతంది. ఒళ్ళు కాలిపోతంది. అడిగితే నేను బాగున్నాను థాంక్యూ అంటదండీ."

ఆసుపత్రికి నేను కూడా వెళ్ళాను. చెవి డాక్టరు లైటు పెట్టి చూసి, కుడి కర్ణభేరి చిల్లుపడిందన్నాడు. "కనీసం నాలుగు రోజుల నుంచి ఉండాలమ్మా ఇది. ఇంత నొప్పికి పెద్దవాళ్ళే గోడలు గీరుతారు. పిల్ల ఏడవలేదా?" అని తల్లిని అడిగాడు. అడిగిన తీరులో తిట్టు ఉంది. కోటేశ్వరి తల దించుకుని, "లేదండీ" అంది. లిఖిత బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చుంది. డాక్టరు చెవిలో దూది పెట్టి తుడుస్తుంటే నవ్వుముఖంతో ఎదురుగోడ చూస్తోంది.

నేను లాబుకి వచ్చి తోడు పంపిన ఆ నాలుగు రోజుల లెక్కలు తీశాను. నొప్పి పెరిగినప్పుడల్లా గుండె నూట యాభై, నూట అరవై దాకా ఎగిరింది. ఎగిరిన ప్రతిసారీ తోడు దాన్ని పట్టుకుని నూట ముప్పై నాలుగుకి దించింది. అంతవరకు దాని పని అది చేసింది. తెరను ఇంకా వెనక్కి జరుపుతూ పోతే ఇంకోటి కనపడింది. సాయంత్రం పూట, బహుశా తల్లి పక్కన ఉన్నప్పుడు, గుండె మెల్లగా నూటికి, తొంభై ఐదుకి దిగబోయేది. దిగిన ప్రతిసారీ తోడు దాన్ని మళ్ళీ నూట ముప్పై నాలుగుకి ఎక్కించింది. ఇరవై ఆరు రోజులుగా ఎక్కిస్తూనే ఉంది.

పరీక్ష గదిలో ఆ పిల్ల మూడు గంటలు భయంతో బిగుసుకుని కూర్చుంది. తోడు ఆ భయాన్నే ఆ పిల్ల నిమ్మళం అనుకుంది. అందుకని నొప్పిలోంచీ సంతోషంలోంచీ కూడా పిల్లను పట్టుకొచ్చి మళ్ళీ ఆ భయంలోనే కూర్చోబెడుతోంది. నా యంత్రంలో లోపమేమీ లేదు. అది చెప్పినట్టు చేసింది.

షహనాజ్ నా వెనక నిలబడి అంతా చూసింది. "నేను చెప్పాను కదా" అని అంటుందేమోనని కాచుకున్నాను. అనలేదు. అని ఉంటే బాగుండేది.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాం. గుంటూరు శివార్లలో రెండు గదుల రేకుల ఇల్లు. లిఖిత చాప మీద ఉంది, చెవికి కట్టు. కోటేశ్వరి వంటింట్లోంచి మంచినీళ్ళ చెంబుతో వస్తూ, "లిఖితా, మేడం వాళ్ళొచ్చారు చూడమ్మా" అంది.

"యస్ మేడం" అంది లిఖిత. మాతో కాదు. తల్లితో.

కోటేశ్వరి మాకేసి చూడకుండా చెంబు కింద పెట్టింది. షహనాజ్ ఆమె పక్కన చాప మీద కూలబడి, "ఎప్పటి నుంచి అలా పిలుస్తోందమ్మా?" అని అడిగింది.

"తోడు పెట్టిన కాడి నుంచి." చెంబు పక్కకి జరిపింది. "అంతకుముందు సాయంత్రాలే అనేది. క్లాసులో."

"ఏం క్లాసు?"

అప్పుడు బయటపడింది. ఉత్తరం వచ్చిన వారానికే వీరాంజనేయులు నడిపే కాలేజీ బస్సులో ఈ కబురు పాకింది. చక్రపాణి సారని ఒకాయన, ఎంట్రన్సులకి ట్యూషన్ చెప్పేవాడు, మా స్టోర్సులో ఎవరినో పట్టుకుని బొమ్మల జాబితా సంపాదించాడు. సంచీలోంచి ఏది ముందు వస్తుందో, ఏది తర్వాత వస్తుందో వరసతో సహా. దానికి ముప్పై రెండు ప్రశ్నలు, ముప్పై రెండు జవాబులు కలిపి పుస్తకం అచ్చేశాడు. గైడు కూడా ఉంది. ఇంట్లో ప్రాక్టీసు చేయించాలి, తల్లిదండ్రుల్లో ఒకరు పరీక్ష మేడంలా కూర్చోవాలి అని అందులో రాసి ఉంది.

"సాయంత్రం ఆరు నించి తొమ్మిది దాకా కుర్చీలో కూచునేదాన్నండీ" అంది కోటేశ్వరి. "ఆయన కళ్ళజోడు పెట్టుకుని. అమ్మా నాన్నా పరీక్షలో ఉండరు, ఇప్పుడే మాన్పియ్యాలన్నాడు సారు. పాట తీత్తే నోటి మీద చెయ్యి పెట్టేదాన్ని. తిరిగితే జబ్బలు పట్టుకుని కూచోబెట్టేదాన్ని." ఆమె తన కుడి మోచేతిని ఎడంచేత్తో మూసుకుంది. "దగ్గిరికొచ్చి నుదురు పెడితే మోచెయ్యి తీసేసేదాన్నండీ. మొదట్లో కింద పడేది. మళ్ళీ వచ్చేది. ఎనిమిది నెల్లకి రావడం మానేసింది. నేర్చుకుంది అనుకున్నాం. ఆ రోజు సేమ్యా పాయసం కూడా చేశా."

షహనాజ్ ముఖం తిప్పుకుంది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియని కోపం అందరికంటే దగ్గరున్నవాళ్ళ మీదికి పోతుంది. అప్పుడే డ్యూటీ దిగి గుమ్మంలోకి వచ్చిన వీరాంజనేయులు మీద విరుచుకుపడ్డాను.

"మీకు బుద్ధుందా? అది వైద్యం. కోచింగ్ ఇప్పించడానికి అదేమన్నా ఎంట్రన్సా?"

ఆయన చెప్పులు కూడా విప్పలేదు. "రోజూ అరవై మంది పిల్లల్ని బస్సులో దింపుతా మేడం. పొద్దున నాలుగింటికి లేచి బస్సులోనే బట్టీలు కొడతారు. కోచింగ్ లేకుండా సీటు వచ్చినోళ్ళని ఒక్కణ్ణి చూపిచ్చండి. ముప్పై సీట్లే అన్నారు. నా బిడ్డకి మాట రాదు. మాట రాని బిడ్డని అట్టానే తీసుకెళ్ళి కూచోబెడితే ఎట్టా పాసయిద్దనుకున్నాం."

"పాసవ్వక్కర్లేదు. మీ పాప పేరు ఎప్పుడో ఖాయమైంది. అసలు ఉత్తరం వచ్చిందంటేనే తోడు వచ్చినట్టు. మాట రాదనే కదా ఇచ్చింది!"

వీరాంజనేయులు లోపలికి వెళ్ళి బీరువా తెరిచి ఒక కాగితం తెచ్చాడు. నా ఉత్తరం. పాడవకుండా లామినేషన్ చేయించాడు. దాన్ని నా ముందు పెట్టి, గ్రీజు అంటిన వేలితో ఒక్క మాట మీద ఆనించాడు.

"ఇదుగో మేడం. పరీక్ష అని రాసుంది గదా."

కింద నా సంతకం ఉంది. తొమ్మిదో అంశం కూడా ఉంది. ఉన్నది ఉన్నట్టుగా అంటే ఏమనుకున్నారని అడగబోయి మానుకున్నాను. బిడ్డ ఉన్నది ఉన్నట్టుగా ఉంటే మూడు బళ్ళు గెంటేశాయి. ఇంకెవరో అలాగే కావాలంటున్నారంటే వాళ్ళెందుకు నమ్ముతారు?

ముప్పై మూడో రోజున తోడు తీసేశాం. డైరెక్టరు గారు వద్దన్నారు. లెక్కల్లో లిఖిత అందరికంటే మంచి ఫలితం అట. "పిల్ల కూర్చుంటోంది, మాట్లాడుతోంది, బడికి వెళ్తోంది. ఇంకేం కావాలి ఇందుమతి గారూ?" అన్నారు. అమ్మా అని పిలవడం కావాలి సార్ అన్నాను. అది మా కొలమానంలో లేదన్నారు. నిజమే, లేదు. కొలమానం తయారుచేసింది నేనే. చివరికి తల్లిదండ్రుల సంతకం తీసుకుని నా పూచీ మీద తీయించాను.

నలభై రోజులు నిండలేదు కదా, ఏడు రోజులు మిగిలాయి కదా అని ఆశపడ్డాను. ఇరవై రెండేళ్ళ చదువున్న మనిషిని, తిథులు లెక్కపెట్టుకునే మనిషిలా ఆ ఏడు రోజుల్ని పట్టుకుని వేలాడాను. వారం గడిచింది, నెల గడిచింది. గింజ లేదు, అది వేసిన దారి ఉంది. గుండె నూట ముప్పై దగ్గరే నిలబడింది. లిఖిత తెల్లారగానే లేచి, చాప పరుచుకుని, చేతులు కట్టుకుని కూర్చుంటోంది. అడిగితే జవాబు చెబుతోంది. అడక్కపోతే చెప్పదు. ఆకలని అనదు. చెప్పులో మేకు దిగినా అదే నవ్వుముఖం.

ఈలోగా మిగిలిన పిల్లల లెక్కలు కూడా చూశాం. ముప్పై మందిలో పదకొండు మంది చక్రపాణి పుస్తకం చదివినవాళ్ళే. ఆ సంగతి రాసి కమిటీకి పంపాను. రెండు నెలలకి జవాబు వచ్చింది. పేదవాళ్ళు ప్రైవేటు కోచింగ్ బారిన పడకుండా, రెండో విడత నుంచి మన సంస్థే పిల్లలకు ఉచితంగా ముందస్తు శిక్షణ ఇవ్వాలని సిఫార్సు చేశారు. నేను రాజీనామా రాసి బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఎవరూ రమ్మని బతిమాలలేదు.

షహనాజ్ మాత్రం వారానికి రెండుసార్లు లిఖిత దగ్గరికి వెళ్తోంది. ఆమె చెప్పేది ఒకటే. "ఏమీ నేర్పొద్దు కోటేశ్వరీ. ఏమీ అడగొద్దు. పక్కన ఊరికే కూర్చో. నీ మోచెయ్యి అందేట్టు పెట్టు, అంతే. ఏళ్ళు పడుతుంది." ఏళ్ళు అన్న మాట కోటేశ్వరికి ఎక్కదు. ఊరికే కూర్చోవడం అంతకన్నా ఎక్కదు. ఏమీ చేయకపోవడం ఒక వైద్యమంటే మన ఊళ్ళలో ఎవరు నమ్ముతారు?

మొన్న మధ్యాహ్నం నేనొక్కదాన్నే వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల మాటలు వినపడ్డాయి.

"దెబ్బ తగిలితే ఏం చెయ్యాలి?"

"ఏడవాలి మేడం."

"ఏడువు."

తలుపు తోశాను. కోటేశ్వరి చాప మీద కూతురికి ఎదురుగా కూర్చుంది. పక్కన రూళ్ళ నోటుపుస్తకం. ఆకలి, నొప్పి, బయ్యం, కోపం అని ఆమె చేతిరాత. ఒక్కోదాని కింద ఏం చేయాలో రాసి ఉంది. నన్ను చూసి ఆమె దాన్ని దాచలేదు. ఆమె ముఖంలో సంబరం కనపడింది.

"రండి మేడం గారూ, చూడండి. నేర్పిస్తన్నా. మనమే గదా మాన్పిచ్చాం, మనమే నేర్పుకోవాల. ఏడువు తల్లీ, మేడం చూత్తారు."

లిఖిత నోరు తెరిచి "ఆఁ" అంది. మూడుసార్లు. మూడూ ఒకే పొడుగు. చేతి వెనకభాగంతో పొడికళ్ళు తుడుచుకుంది.

"అట్టా కాదమ్మా. గట్టిగా. లోపల్నించి రావాల. ఇందాక చెప్పా గదా." కోటేశ్వరి పిల్ల జబ్బ పట్టుకుంది. గిల్లింది. నేను అరిచేలోపే గిల్లింది. తెల్లగా అయిన చోట ఎర్రగా గోరు గుర్తు తేలింది. లిఖిత ఆ గుర్తు వైపైనా చూడలేదు. తల్లి ముఖంలోకే చూస్తోంది, తర్వాత ఏమడుగుతుందోనని.

అప్పుడు కోటేశ్వరి కూలిపోయింది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. భుజాలు కదిలిపోతున్నాయి. ఊపిరి మధ్యమధ్యలో తెగి, మళ్ళీ అందుకుంటోంది. నేను దగ్గరికి వెళ్ళి వీపు మీద చెయ్యి వేశాను. నా వల్లే అమ్మా అని చెప్పాలని వచ్చాను, చెప్పలేదు.

లిఖిత తల్లిని శ్రద్ధగా చూసింది. భుజాలు చూసింది, కొంగు చూసింది. తర్వాత మెల్లగా తన భుజాలు కదిలాయి. ఊపిరి తెగింది, అందుకుంది. లేని కొంగును పట్టుకున్నట్టు పిడికిలి ముఖానికి ఆనించుకుంది. వెక్కిళ్ళు వచ్చాయి. కళ్ళలోంచి నిజంగానే నీళ్ళు జారాయి.

కోటేశ్వరి కొంగు తీసి చూసింది. "ఏడుస్తంది! మేడం గారూ, ఏడుస్తందండీ!" అని కేకపెట్టి పిల్లను గుండెకి అదుముకుంది. ఒక్క క్షణం నేనూ నమ్మాను. దేవుణ్ణి ఎరగని దాన్ని, ఆ క్షణంలో ఆయనకి కూడా దణ్ణం పెట్టాను.

తల్లి ఏడుపు ఆగింది. అదే క్షణంలో పిల్ల ఏడుపు కూడా ఆగింది. లిఖిత తల్లి కౌగిలిలోంచే చేతులు రెండూ బయటికి తీసుకుని కట్టుకుంది. గదిలో ఉన్న మా ఇద్దరు మేడంలలో పెద్ద మేడం నేనని తేల్చుకున్నట్టుంది, తల నా వైపు తిప్పింది. చెంపల మీద తడి అలాగే ఉంది.

"నెక్స్ట్ క్వశ్చన్ మేడం" అంది.

కోటేశ్వరి వినలేదేమో అనుకున్నాను. విన్నది. విని, పిల్లను ఇంకా గట్టిగా పట్టుకుంది.